ముందు బ్యాటరీ చూడు, తర్వాతే మెషీను

ఒరే చిన్నా,

నువ్వు పంపిన లిస్టు చూశాను. డ్రిల్లు, ఇంపాక్ట్ డ్రైవరు, గ్రైండరు, జిగ్‌సా, సర్క్యులర్ సా, శాండరు, బ్లోయరు, చివర్లో ఒక లైటు. ఎనిమిదీ ఒకే సంచిలో, రెండు చిన్న బ్యాటరీలతో. "ఆఫర్ అయిపోతుంది మామయ్యా, తొందరగా చెప్పు" అన్నావు. అయిపోనీ. ఫర్నిచర్ ఫిట్టింగ్ పని మొదలుపెడుతున్న నీకూ, గోడకి నాలుగు ఫ్రేములు తగిలించుకునే మీ అక్కకీ ఒకే రకం సంచి ఎలా సరిపోతుందిరా? ఆ ఎనిమిదింట్లో మొదటి ఆర్నెల్లు నీ చేతికొచ్చేవి మూడే. మిగతావి బ్యాటరీ కోసం వంతు చూసుకుంటూ సంచిలో పడుంటాయి.

కార్డ్‌లెస్‌లో, అంటే వైరు లేకుండా బ్యాటరీతో నడిచే మెషీన్లలో, అసలు బేరం బ్యాటరీది. మెషీను దాని వెనకాల వస్తుంది. ఒక కంపెనీ బ్యాటరీ ఇంకో కంపెనీ మెషీనుకి ఎక్కదు, అది నీకు తెలుసు. ఒక్కోసారి ఒకే కంపెనీలోనూ ఎక్కదు, అది తెలియకే చాలామంది దెబ్బ తింటారు. బాష్‌లో ఇళ్ళ కోసం చేసే ఆకుపచ్చ మెషీన్ల బ్యాటరీ, పనివాళ్ళ కోసం చేసే నీలం మెషీన్లకి పట్టదు. రెండింటి మీదా 18 వోల్టులనే ఉంటుంది. మకీటాలో 18 వోల్టుల ఎల్ఎక్స్‌టీ వరస వేరు, 40 వోల్టుల ఎక్స్‌జీటీ వరస వేరు. డివాల్ట్ వాళ్ళు 2016లో తెచ్చిన ఫ్లెక్స్‌వోల్ట్ బ్యాటరీ మాత్రం 60 వోల్టుల మెషీన్లో పెడితే 60 వోల్టులకి, 20 వోల్టుల మెషీన్లో పెడితే 20కి సర్దుకుంటుంది. లోపల సెల్స్ కలిసే తీరే మారిపోతుంది. అలాంటి ఏర్పాటు అందరి దగ్గరా ఉంటుందనుకోకు. ఒక డ్రిల్లు నచ్చిందని కంపెనీని ఖాయం చేసుకోవడమంటే పిల్లని చూసి వియ్యాలవారిని చూడకపోవడమే. తర్వాత ఏళ్ళ తరబడి మసలాల్సింది వాళ్ళతో. ఆ కంపెనీలో నీకు రేపు కావలసిన మెషీన్లు అన్నీ ఉన్నాయా, బ్యాటరీ లేకుండా ఉత్త మెషీను విడిగా అమ్ముతారా, నువ్వు పనిచేసే చోటికి దగ్గర్లో రిపేరు చేసేవాడున్నాడా, ఈ మూడూ కనుక్కున్నాకే డ్రిల్లు చేతిలోకి తీసుకో.

18 బలమా, 20 బలమా అని అడిగావు. రెండూ ఒకటే. లోపల ఐదు లిథియం సెల్స్ వరసగా ఉంటాయి. పని చేసేటప్పుడు ఒక్కోటి సుమారు 3.6 వోల్టులు, ఐదూ కలిపితే 18. నిండా ఛార్జయ్యాక ఛార్జర్లోంచి తీయగానే కొలిస్తే ఒక్కోటి 4 వోల్టుల పైన చూపిస్తుంది, ఆ లెక్కన ఒకడు 20 మ్యాక్స్ అని రాసుకుంటాడు. 10.8కీ 12 మ్యాక్స్‌కీ మధ్య కథ కూడా అదే, అక్కడ మూడు సెల్స్.

అసలు చూడాల్సింది బ్యాటరీ మీద ఉండే ఏహెచ్, అంటే ఆంపియర్ అవర్ల అంకె. దాన్ని వోల్టులతో గుణిస్తే లోపల ఎంత సరుకుందో తేలుతుంది. 18 వోల్టుల 2 ఏహెచ్ అంటే 36 వాట్ అవర్లు, 5 ఏహెచ్ అంటే 90. పెద్ద బ్యాటరీ ఎక్కువసేపు వస్తుందన్న సంగతి అందరికీ తెలుసు. దానివల్ల మెషీను బలం కూడా పెరుగుతుందన్నది చాలామంది పట్టించుకోరు. మామూలుగా 2 ఏహెచ్‌లో ఐదు సెల్స్ ఒకే వరసలో ఉంటాయి, 5 ఏహెచ్‌లో పది సెల్స్ రెండు వరసలు. గ్రైండరు మొరాయించి కరెంటు గట్టిగా లాగినప్పుడు ఆ బరువుని రెండు వరసలూ పంచుకుంటాయి. ఒంటి వరస మీదే పడితే వోల్టేజి కిందికి జారిపోతుంది, సెల్స్ కాలిపోతాయేమో అన్నంత వేడెక్కుతాయి. ఎద్దులు లాగాల్సిన బండికి లేగదూడని కట్టినట్టు. నీ కాంబో సంచిలో గ్రైండరూ, సర్క్యులర్ సా పెట్టి 2 ఏహెచ్ బ్యాటరీలు ఇచ్చాడు చూడు, అక్కడే నాకు ఒళ్ళు మండింది.

ఈ సెల్స్ లెక్క నేను పుస్తకంలో చదివింది కాదు. ఒకసారి డబ్బుకి కక్కుర్తి పడి, పేరూ ఊరూ లేని డూప్లికేట్ బ్యాటరీ కొన్నాను. పైన 5 ఏహెచ్ అని ముద్ర. చేతిలోకి తీసుకోగానే తేలిగ్గా అనిపించింది. అప్పుడే అనుమానం రావాల్సింది. వంటింట్లో పై కప్‌బోర్డు ఎక్కిస్తున్నాను. ఒక పక్క భుజం మీద మోస్తూ, తలకి ఆనించి, రెండు స్క్రూలు బిగించాను. మూడోది సగం దిగి ఆగిపోయింది. మెషీను లైటు వెలుగుతోంది, ట్రిగ్గర్ నొక్కితే చిన్న మూలుగు, అంతే. హెల్పరు స్క్రూల డబ్బా కోసం కిందికెళ్ళాడు. వాడు తిరిగి మెట్లెక్కేదాకా, ఆ పెట్టెతో పాటు నేనూ గోడకి అతుక్కుని నిలబడ్డాను. సాయంత్రం ఆ బ్యాటరీ పనికి రాదని తేలాక స్క్రూలు విప్పి మూత తీశాను. పది సెల్స్ ఉండాల్సిన పెట్టెలో ఐదే. మిగతా చోటంతా ఉత్త ప్లాస్టిక్ గూడు. (నువ్వు ఇలా విప్పకు. లోపల కరెంటు మిగిలుంటే స్క్రూడ్రైవర్ మొన తగిలినా చాలు, నిప్పు లేస్తుంది.) అప్పట్నుంచి కొట్లో కంపెనీ బ్యాటరీ ఒక చేత్తో, ఇంకోటి ఇంకో చేత్తో పట్టుకుని బరువు చూస్తాను. కొట్టువాడు నవ్వుకుంటే నవ్వుకోనీ.

అలాగని అన్నీ పెద్దవే కొనకు. సీలింగ్ కింద తల పైకెత్తి గంటసేపు స్క్రూలు బిగించి చూడు, 5 ఏహెచ్ బరువు మణికట్టుకి తెలిసొస్తుంది. నీకు 4 లేదా 5 ఏహెచ్‌వి రెండు, 2 ఏహెచ్‌ది ఒకటి ఉంటే రోజు గడుస్తుంది. ఒకటి మెషీన్లో, ఒకటి ఛార్జర్లో, ఇంకోటి చల్లారుతూ.

మెషీన్ల సంగతి. నీ పనికి మొదట డ్రిల్ డ్రైవరు, ఇంపాక్ట్ డ్రైవరు, ఈ జత చాలు. రెండూ ఒకటేగా అని ఒకటి మానేయకు. డ్రిల్లుకి ముందు అంకెలున్న రింగు ఉంటుంది, అదే క్లచ్. బిగువు ఆ హద్దు చేరగానే టకటకమని జారిపోతుంది, స్క్రూ లోపలికి దిగబడదు. తలుపు కబ్జాలూ, హ్యాండిళ్ళూ, చిన్న స్క్రూలూ దాంతోనే బిగించు. ఇంపాక్ట్‌కి మామూలుగా ఆ రింగు ఉండదు. స్క్రూ గట్టిపడగానే లోపల సుత్తి తిప్పే దిశలోనే కొడుతూ ముందుకి తోస్తుంది. పొడుగు స్క్రూలకి అది దేవుడు, పార్టికల్ బోర్డు మీద చిన్న స్క్రూకి యముడు. ఒక్క క్షణం ఎక్కువ నొక్కావంటే బోర్డులో మర పిండైపోతుంది, ఆ స్క్రూ ఇక జన్మలో పట్టదు. ఇంపాక్ట్ చెయ్యి తిప్పెయ్యదు. డ్రిల్లు తిప్పేస్తుంది. పెద్ద బిట్టు పెట్టినప్పుడు గేరు 1లో వెయ్యి, పక్క పిడి ఇస్తే బిగించుకో.

గోడల దగ్గర జాగ్రత్త. డ్రిల్లు మీద సుత్తి బొమ్మ ఉంది కదా, కాంక్రీటు కూడా తొలిచేస్తానన్నావు. ఆ సుత్తిలో ఉన్నది పళ్ళున్న రెండు చక్రాలు. ఒకదాని మీద ఒకటి గరగరా రాసుకుని బిట్టుని కాస్త అదిలిస్తాయి. ఇటుక గోడకి చాలు. కాంక్రీటు బీముకి రోటరీ హ్యామర్ కావాలి. దాంట్లో పిస్టన్ గాలిని ఒత్తి, ఆ గాలి సుత్తిని విసిరి, అది బిట్టు తోక మీద కొడుతుంది. ఒళ్ళు బరువంతా వేసి ఒక్క చిల్లు కోసం నేను అరగంట తంటాలు పడిన రోజుంది. బిట్టు కొస నీలంగా మారింది, చిల్లు వేలి గోరంత కూడా దిగలేదు. పక్క గదిలో పనిచేస్తున్న ఎలక్ట్రీషియన్ చూసి జాలిపడి తన హ్యామర్ ఇచ్చాడు. టీ చల్లారేలోపు నాలుగు చిల్లులు పడ్డాయి. కాబట్టి నీ మూడో మెషీను అదే, గ్రైండరు కాదు. గ్రైండరు రోజంతా ఆడించే పనైతే వైరుదే కొనుక్కో. ఆగకుండా లాగే పనులకి బ్యాటరీ పెట్టడం చిల్లుకుండతో నీళ్ళు మోయడమే.

బ్రష్‌లెస్ తీసుకోవాలా అంటే, నీకైతే తీసుకో. పాత రకం మోటార్లో కార్బన్ బ్రష్‌లు తిరిగే భాగాన్ని రాసుకుంటూ కరెంటిస్తాయి, అక్కడ వేడీ, నిప్పురవ్వలూ, అరుగుదలా. బ్రష్‌లెస్‌లో ఆ రాపిడి లేదు, ఎలక్ట్రానిక్స్ నడిపిస్తాయి, అదే ఛార్జింగ్‌తో ఎక్కువ పని అవుతుంది. కార్బన్లు అరిగితే నువ్వే మార్చుకోవచ్చు, లోపలి బోర్డు పోతే మాత్రం కంపెనీవాడి గుమ్మం ఎక్కాలి. రోజూ వాడేవాడికి ఆ రిస్కు పర్లేదు.

మీ అక్కకి ఇవేవీ చెప్పి కంగారు పెట్టకు. మూడు సెల్స్ 12 వోల్టుల చిన్న డ్రిల్ డ్రైవరు, బ్రష్‌ది అయినా సరే, బిగించడానికీ విప్పడానికీ హాయిగా ఉంటుంది. గోడకి చిల్లులు కావాలంటే మామూలు వైరు హ్యామర్ డ్రిల్లు. ఏడాదికి రెండుసార్లు తీసేవాళ్ళకి అదే మంచిది. ప్లగ్గు పెడితే తిరుగుతుంది. బ్యాటరీ అలా కాదు, వాడినా వాడకపోయినా దానికి వయసు పైబడుతూనే ఉంటుంది. అందుకే కొనేటప్పుడు ప్యాక్ మీద తయారీ తేదీ ఉందేమో చూడమను. మెషీను పాతది కొనొచ్చు, తప్పులేదు. పాత బ్యాటరీ మాత్రం ఊరికే ఇచ్చినా ఆలోచించు.

వాడకం గురించి నీకో పాత అలవాటు అంటిందని తెలుసు, అది నా దగ్గర్నుంచే. "పూర్తిగా దించి ఛార్జింగ్ పెట్టాలి" అని నేనే చెప్పాను. అది నికెల్ కాడ్మియం రోజుల మాట. 1961లో బ్లాక్ అండ్ డెక్కర్ మొదటి కార్డ్‌లెస్ డ్రిల్లు తెచ్చినప్పటి నుంచీ చాలా ఏళ్ళు ఆ బ్యాటరీలే రాజ్యమేలాయి. ఒక్కో సెల్ 1.2 వోల్టులే, 18 కావాలంటే పదిహేను సెల్స్ మొయ్యాలి. ఇప్పటి లిథియానికి ఆ లెక్క వద్దు. బలం తగ్గిందనిపించగానే తీసి ఛార్జింగ్‌లో పెట్టు, సగంలో పెట్టినా దానికేం కాదు. బొత్తిగా దించేసి మూల పడేస్తే నెలల తర్వాత లోపలి వోల్టేజి ఎంత పడిపోతుందంటే, ఛార్జరు ఎర్రలైటు చూపించి మొహం తిప్పుకుంటుంది. కొన్నాళ్ళు వాడనని తెలిస్తే సగం ఛార్జింగ్‌తో, మెషీను నుంచి తీసి, చల్లని చోట పెట్టు. దానికి అసలు శత్రువు వేడి. ఎండలో నిలిపిన బండిలో వదిలెయ్యకు. పనిలో కాగిన బ్యాటరీని వెంటనే ఛార్జర్లో తోయకు. మంచి ఛార్జరు చల్లారేదాకా ఆగుతుంది, నాసిరకంది ఆగదు. గడ్డ కట్టే చలి ఉన్న చోటా ఛార్జింగ్ పెట్టకూడదు.

జేబులో మేకులతో పాటు బ్యాటరీ వేసుకోకు, మేకు రెండు పలకలకీ తగిలితే షార్టే. ఉబ్బినా, పగిలినా, నీళ్ళలో మునిగినా మళ్ళీ ఛార్జింగ్ పెట్టకు. చెత్తబుట్టలో వెయ్యకుండా బ్యాటరీలు తీసుకునే చోట ఇచ్చెయ్యి. పనికి విమానంలో వెళ్ళాల్సొస్తే విడి బ్యాటరీలు చేతి సంచిలోనే ఉండాలి. 100 వాట్ అవర్లు దాటనివాటికి మామూలుగా ముందస్తు అనుమతి అక్కర్లేదు. నీ 5 ఏహెచ్ 90 దగ్గరే ఆగుతుంది.

నా ఎడమ చూపుడు వేలి మీద మచ్చ గురించి చిన్నప్పుడు అడిగేవాడివి, కుక్క కరిచిందని చెప్పేవాణ్ణి. కుక్క కాదు, జిగ్‌సా. బ్లేడు మారుస్తూ బ్యాటరీ తియ్యలేదు, బొటనవేలు స్విచ్‌కి తగిలింది. వైరు మెషీనైతే ప్లగ్గు పీకడం అలవాటైపోయింది. వైరు లేనిదానికి ఆ సంగతి గుర్తుకు రాదు. బిట్టు మార్చినా, బ్లేడు మార్చినా ముందు బ్యాటరీ బయటికి లాగి పక్కన పెట్టు.

ఏ కంపెనీ అన్నది నేను చెప్పను, నీ చేతికి పిడి ఏది కుదిరితే అది. అయితే ఒక సంగతి దాచడం ఎందుకు. నా షెడ్డులో 5 ఏహెచ్ అసలైన బ్యాటరీలు రెండు ఉన్నాయి, ఛార్జరుతో సహా. పోయినేడు కొన్నవే, మోకాళ్ళు ఒప్పుకోక నాకిప్పుడు పని తగ్గింది. పాత బ్యాటరీ వద్దని పైన నేనే రాశాను, కానీ ఇవి ఎవరు ఎలా వాడారో నీకు తెలుసు. అదే కంపెనీ ఉత్త డ్రిల్లూ, ఉత్త ఇంపాక్టూ కొనుక్కుంటే అవి నీవే. వేరే కంపెనీ తీసుకుంటే నాకేం కోపం లేదు, మీ అత్తే రెండ్రోజులు సణుగుతుంది. ఆదివారం వచ్చి పట్టుకుని చూడు. వచ్చేటప్పుడు ఆర్నెల్ల కిందట తీసుకెళ్ళిన నా 13 మిల్లీమీటర్ల చెక్క బిట్టు మర్చిపోకుండా తీసుకురా.

మీ మామయ్య