నాన్నగారి ఎఫ్‌డీ కదపకుండా మాంటెరే వెళ్ళి రావడం ఎలా?

ప్రశ్న: మేం కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్‌లో ఉంటాం. నాది హెచ్‌1బీ, మా ఆవిడకు ఇంకా పని చేసే అనుమతి రాలేదు. నాలుగేళ్ళ పాప. తెనాలి నుంచి అమ్మ (63), నాన్న (67) మే నెలలో వచ్చారు. అక్టోబరు రెండో వారంలో వెళ్ళిపోతారు. నెలకు చేతికి 8,900 డాలర్లు వస్తాయి. అద్దె, ఇంటి ఖర్చులు పోను 900 మిగిలితే అందులో 300 క్రెడిట్ కార్డుకు కడుతున్నాను. వాళ్ళ విమానం టికెట్లు కార్డు మీద కొనడంతో బాకీ 4,200కి చేరింది, వడ్డీ 24 శాతం. సేవింగ్స్‌లో 7,500 ఉన్నాయి. ఆగస్టులో మూడు రోజులు మాంటెరే, బిగ్ సర్ తిప్పుదామనుకుంటే సముద్రం కనిపించే హోటల్లో రెండు గదులు, వ్యాను, తిమింగలాలు చూపించే బోటు, అక్వేరియం అన్నీ కలిపి 2,600 తేలింది. బుకింగ్ సైట్‌లో 12 వాయిదాల్లో కట్టొచ్చంటున్నారు. నాన్నేమో ‘బ్యాంకులో 2 లక్షల ఎఫ్‌డీ ఉందిగా, తీసేస్తా, ఖర్చు నాదే’ అంటున్నారు. మా ఆవిడ పొద్దున వెళ్ళి రాత్రికి వచ్చేద్దామంటోంది. ఏం చేయమంటారు? వాళ్ళకు కొన్న విజిటర్ ఇన్సూరెన్స్ అన్నిటికన్నా చవకది, నాన్నకు బీపీ, షుగర్ ఉన్నాయి. ఆ విషయం కూడా చెప్పండి.

జవాబు: వెళ్ళండి, కానీ సెప్టెంబరులో, 1,200 డాలర్లలో. కార్డూ వద్దు, వాయిదాలూ వద్దు, నాన్నగారి ఎఫ్‌డీ జోలికి అసలే వెళ్ళొద్దు. ఇన్సూరెన్స్ సంగతి మాత్రం ఈ వారంలోనే తేల్చండి.

ముందు కార్డు. ఇప్పుడు మీకు నెలకు 84 డాలర్ల వడ్డీ పడుతోంది. మీరు కట్టే 300లో అసలుకు జమయ్యేది 216 మాత్రమే. కొత్తగా ఏమీ గీకకుండా ఇలాగే కడితే 17 నెలలకు తీరుతుంది. దీని మీద ఇంకో 2,600 వేశారనుకోండి. బాకీ 6,800, వడ్డీ నెలకు 136. అదే 300 కడుతూ పోతే తీరడానికి 31 నెలలు. అంటే ఈ మూడు రోజుల షికారు కోసం మరో 14 నెలలు 300 చొప్పున, దాదాపు 4,200 కడతారన్నమాట. వాయిదాల సంగతీ అంతే. కొందరికి సున్నా వడ్డీ ఇస్తారు, కొందరికి 36 శాతం దాకా వేస్తారు. మీకేది తగిలిందో చివరి పేజీలో చిన్నక్షరాల్లో ఉంటుంది. సున్నా వడ్డీ అయినా నేను వద్దనే అంటాను. అమ్మానాన్నలు తెనాలి వెళ్ళి సంక్రాంతి చేసుకుంటుంటే మీరిక్కడ ఆగస్టు హోటల్ బిల్లు కడుతూ కూర్చోవడం ఏం బాగుంటుంది?

ఎఫ్‌డీ విషయం. గడువు కంటే ముందు తీస్తే చాలా బ్యాంకులు అర శాతం నుంచి ఒక శాతం దాకా వడ్డీ కోస్తాయి. సీనియర్ సిటిజన్లకు ఇచ్చే ఎక్కువ రేటు మీద వేసిన డబ్బు అయితే మళ్ళీ వేసేటప్పుడు అదే రేటు దొరుకుతుందన్న నమ్మకం లేదు. ఇక్కడ ఇండియా కార్డు గీకితే మారకం ఖర్చు కింద సాధారణంగా 2 నుంచి 3.5 శాతం పోతుంది. పన్ను భయం మాత్రం అక్కర్లేదు. బయటికి పంపే సొమ్ము ఏడాదికి 10 లక్షలు దాటితేనే టీసీఎస్ (బ్యాంకు ముందే పట్టుకునే పన్ను) అని 2025 ఏప్రిల్ నుంచి ఉంది, 2 లక్షలకు ఆ గొడవ లేదు. ఇవన్నీ చిల్లర లెక్కలు. నా అభ్యంతరం వేరే. 67 ఏళ్ళ మనిషికి ఆ 2 లక్షలు రేపు తెనాలిలో ఆస్పత్రి అడ్వాన్సు అవుతాయి. ఇక్కడ అవి 2,300 డాలర్లు కూడా కావు.

మీ సేవింగ్స్ 7,500 మీ ఇంట్లో నెల ఖర్చుకు కాస్త తక్కువే. హెచ్‌1బీ మీద ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి గరిష్ఠంగా 60 రోజులే కాబట్టి అది మొత్తం ఊడ్చి కార్డుకు కట్టమని చెప్పను. కానీ 24 శాతం అప్పు పక్కన పెట్టుకుని అంత నగదు ఊరికే ఉంచడమూ తప్పే. ఇవాళే 2,000 తీసి కార్డుకు కట్టేయండి. బాకీ 2,200కి దిగుతుంది, వడ్డీ నెలకు 44 అవుతుంది. కార్డుకు కట్టే 300 ఎప్పటిలాగే కట్టండి. జులై, ఆగస్టు జీతాల్లో మిగిలే 600 చొప్పున పక్కన పెడితే 1,200. అదే మీ ట్రిప్పు డబ్బు. అక్టోబరు నుంచి మిగిలే 900 మొత్తం కార్డుకే వేస్తే నవంబరులో అప్పు తీరిపోతుంది.

ఇక సెప్టెంబరు ఎందుకంటే, రెండు కారణాలు. మాంటెరేలో వేసవి పేరుకే వేసవి. జూన్ నుంచి ఆగస్టు దాకా చాలా రోజులు పొగమంచు కమ్ముకుని సముద్రం కనపడదు. ఎండ కాసేది సెప్టెంబరు, అక్టోబరుల్లోనే. పైగా ఆగస్టు మధ్యలో అక్కడ పాతకార్ల వేడుకలు జరుగుతాయి, ఆ వారం గదుల ధరలు ఆకాశంలో ఉంటాయి. సెప్టెంబరు మొదటి సోమవారం వచ్చే లేబర్ డే దాటాక ఆదివారం వెళ్ళి మంగళవారం వచ్చేలా చూసుకోండి. మీ పాప ఇంకా బడికి వెళ్ళడం లేదు కాబట్టి మీరు రెండు రోజులు సెలవు పెడితే చాలు.

సముద్రం కనిపించే గది దగ్గర నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. కొన్నేళ్ళ కిందట మా అత్తగారినీ మామగారినీ ఇదే తీరానికి తీసుకెళ్ళాం. వాళ్ళకు లోటు రాకూడదని రాత్రికి 400 దాటిన గది తీసుకున్నాను, బాల్కనీ కింద అలలు. గదిలోకి వెళ్ళగానే అత్తగారు ‘అబ్బ, ఏం చలి గాలి బాబూ’ అని బాల్కనీ తలుపు వేసి, కర్టెన్ లాగి, దుప్పటి కప్పుకుని ఫోన్లో సీరియల్ పెట్టుకున్నారు. రెండు రోజులూ ఆ కర్టెన్ తీయలేదు. మామగారేమో టేబుల్ మీద పెట్టిన నీళ్ళ సీసాకు వేలాడే ధర చీటీ చూసి, రూపాయల్లోకి లెక్కేసి, సీసా ముట్టుకోకుండా కుళాయి నీళ్ళు తాగారు. నా చేతి చమురు వదలడం తప్ప ఆ గది వల్ల ఎవరికీ సుఖం లేదు.

అందుకని గది కార్మెల్‌లో వద్దు. మెరీనా, సీసైడ్ ఊళ్ళల్లో చూడండి, మాంటెరేకి పది పదిహేను నిమిషాలే. అయిదుగురికి మామూలు రెండు మంచాల గది ఇవ్వరు, నలుగురికే పరిమితం. రెండు గదుల బదులు చిన్న వంటగది ఉన్న సూట్ ఒకటి తీసుకోండి. రెండు రాత్రులకు పన్నుతో కలిపి 480 పెట్టుకోండి. కాలిఫోర్నియాలో 2024 జులై నుంచి తప్పనిసరి రుసుములన్నీ చూపించే ధరలోనే కలపాలన్న చట్టం ఉంది కాబట్టి ‘రిసార్ట్ ఫీజు’ అంటూ కౌంటర్ దగ్గర కొత్త బాదుడు ఉండకూడదు. ప్రభుత్వ పన్ను మాత్రం విడిగా పడుతుంది, పార్కింగ్‌కు డబ్బులున్నాయేమో ముందే అడగండి.

వ్యాను ఉంచండి. అందరూ గదిలో ఖర్చు పెట్టి బండిలో పొదుపు చేస్తారు, నేను తిరగేసి చెబుతున్నాను. ఎనిమిదేళ్ళ లోపు పిల్లలు వెనక సీట్లో, కార్ సీట్లోనే కూర్చోవాలన్నది ఇక్కడి చట్టం. చిన్న కారులో వెనక ఆ సీటు పెట్టాక మిగిలిన చోట అత్తాకోడళ్ళిద్దరూ మూడు రోజులు ఇరుక్కుంటే సముద్రం ఎవరు చూస్తారు? మూడు రోజులకు 280, పెట్రోలుకు 60 వేసుకోండి. అద్దె కౌంటర్‌లో అంటగట్టే ఇన్సూరెన్స్‌కు ఊ అనే ముందు మీ సొంత కారు పాలసీ అద్దె బండికి వర్తిస్తుందేమో ఫోన్ చేసి కనుక్కోండి, చాలావాటికి వర్తిస్తుంది.

తిండి దగ్గర మీ అమ్మగారే మీ ఆర్థిక సలహాదారు. అయిదుగురు ఒక పూట బయట కూర్చుని తింటే టిప్పుతో కలిపి 120 అవుతుంది. మీ నాన్నగారు ఆ బిల్లు చూస్తే తిన్నది అరగదు. మొదటి రోజుకు పులిహోర కలిపి తీసుకెళ్ళండి, రైస్ కుక్కర్, పెరుగు డబ్బా, ఆవకాయ సీసా వ్యానులో పడేయండి. రాత్రి గదిలో వేడన్నం, పెరుగు. పొద్దున కాఫీ కూడా గదిలోనే. బయట ఒకే ఒక్క మంచి భోజనం, దారి చిరుతిళ్ళతో కలిపి 150, సరుకులకు 60. పార్కింగ్, పార్కు ప్రవేశాలకు 50, చేతిలో 120. మొత్తం 1,200.

బోటు తీసేశాను. మాంటెరే అఖాతంలో అలల ఊపు గట్టిగానే ఉంటుంది, తిమింగలం కనపడేలోపు మీ అమ్మగారు సంచి వెతుక్కుంటారు. దాని బదులు దారిలో మాస్ లాండింగ్ దగ్గర ఆగండి. సముద్రపు నీటికుక్కలు వెల్లకిలా తేలుతూ, పొట్ట మీద గవ్వలు పగలగొట్టుకుని తినడం గట్టు మీంచే కనిపిస్తుంది, పైసా ఖర్చు లేదు. పాప అక్కణ్ణుంచి కదలదు చూడండి. 17 మైల్ డ్రైవ్‌కు కారుకు 12 డాలర్ల పైనే తీసుకుంటారు. పక్కనే పసిఫిక్ గ్రోవ్‌లో ఓషన్ వ్యూ బులవార్డ్ మీద అవే బండలు, అవే అలలు, ఎవరూ డబ్బడగరు. సాయంత్రం లవర్స్ పాయింట్ దగ్గర బెంచీ మీద కూర్చోబెట్టండి.

రెండో రోజు పొద్దున్నే బిగ్ సర్ దారిలోని బిక్స్‌బీ వంతెన. 1932లో కట్టింది, లోయ మీద 260 అడుగుల ఎత్తున ఒకే కమాను. కార్మెల్ నుంచి 13 మైళ్ళు. తొమ్మిది దాటితే బండి ఆపడానికి చోటుండదు. పెట్రోలు మాంటెరేలోనే కొట్టించండి, బిగ్ సర్‌లో ధర వింటే గుండె ఆగుతుంది. ఫోన్ సిగ్నల్ కూడా ఉండదు, నాన్నగారి మందులు చేతి సంచిలోనే ఉంచండి. ఆ రోడ్డు మీద కొండచరియలు విరిగిపడటం మామూలే, 2017లో పడిన ఒక చరియ వల్ల ఏడాదికి పైగా దారి మూసేశారు. బయల్దేరే ముందు రోజు రాత్రి కాల్‌ట్రాన్స్ (రాష్ట్ర రోడ్ల శాఖ) వెబ్‌సైట్ చూసుకోండి. స్టేట్ పార్కులకు వెళ్ళేట్టయితే మీ ఊరి లైబ్రరీలో వాహనం పాసు అరువిస్తారేమో అడగండి, పుస్తకం తెచ్చుకున్నట్టే తెచ్చుకోవచ్చు. ఏ పార్కుల్లో చెల్లుతుందో జాబితా చూడాలి. ఒక్క జాగ్రత్త. మీ అమ్మగారికి సముద్రం చూస్తే సూర్యలంకలో లాగా మోకాలి లోతు దిగి స్నానం చేయాలనిపించవచ్చు. ఇక్కడి నీళ్ళు మంచులా ఉంటాయి, కార్మెల్ దగ్గరి మొనాస్టరీ బీచ్ లాంటి చోట్ల అల లాగేస్తుంది. తలమీద నీళ్ళు చల్లుకుంటే చాలని చెప్పండి.

అక్వేరియం మీ ఇష్టం. పెద్దవాళ్ళకు మనిషికి 60 డాలర్ల చుట్టూ ఉంటుంది. చేతిలో ఉంచిన 120 అప్పటికి ఖర్చవకపోతే మూడో రోజు మీరో మీ ఆవిడో పాపతో పాటు నాన్నగారిని తీసుకుని లోపలికి వెళ్ళండి. పాప టికెట్ లేని వయసులోనే ఉంది.

మీ ఆవిడ మాట తీసిపారేయదగ్గది కాదు. ఆగస్టు చివరికి 1,200 పోగవకపోతే ఆవిడ చెప్పినట్టే ఒక్కరోజు వెళ్ళి రండి. ఫ్రీమాంట్ నుంచి మాంటెరే 80 మైళ్ళ పైనే. బిగ్ సర్ వదిలేసి మాస్ లాండింగ్, పసిఫిక్ గ్రోవ్ చూసుకుని తిరిగొస్తే 150లో అయిపోతుంది.

ఇప్పుడు ఇన్సూరెన్స్. మీరు కొన్న చవక ప్లాను బహుశా ఫిక్స్‌డ్ బెనిఫిట్ రకం. డాక్టరుకింత, గదికింత అని రాసిపెట్టిన మొత్తమే ఇస్తారు, మిగతా బిల్లు మీదే. ఇక్కడ ఎమర్జెన్సీ రూముకి ఒక్కసారి వెళ్తే బిల్లు వేలల్లో ఉంటుంది, మీ 7,500 ఒక రాత్రిలో పోతుంది. కాంప్రహెన్సివ్ ప్లానుకు మారండి. డిడక్టిబుల్ (ముందుగా మీరు కట్టుకోవాల్సిన వాటా) పోను నెట్‌వర్క్ ఆస్పత్రి బిల్లులో అధిక భాగం అదే భరిస్తుంది. బీపీ, షుగర్ లాంటి ముందునుంచీ ఉన్న జబ్బు హఠాత్తుగా ముదిరితే ఎంతవరకు ఇస్తారో ఆ ఒక్క క్లాజు చదివి కొనండి. మామూలు చెకప్పులు చాలా ప్లాన్లలో రావు. పాతది, క్లెయిమ్ చేయకపోతే, చాలా కంపెనీలు కొద్ది రుసుము పట్టుకుని మిగిలిన రోజులకు డబ్బు వెనక్కిస్తాయి. కొత్తది మొదలయ్యాకే పాతది రద్దు చేయండి. తేడా సొమ్ము సేవింగ్స్ నుంచి కట్టి, సెప్టెంబరు జీతంలో తిరిగి వేసేయండి.

నాన్నగారి విషయం ఒకటి మిగిలింది. ‘ఖర్చు నాదే’ అన్నాక పూర్తిగా కాదంటే ఆయన మనసు నొచ్చుకుంటుంది. వచ్చేటప్పుడు ఆయన జేబులో డాలర్లు తెచ్చుకునే ఉంటారు. గది, వ్యాను ముందే కట్టేసి బిల్లులు ఆయన కంట పడనీయకండి. బయట తినే ఆ ఒక్క భోజనం మాత్రం ఆయనకు వదిలేయండి. బిల్లు ఫోల్డరు ఆయన ముందు పెట్టమని వెయిటర్‌కు ముందే చెప్పండి, టిప్పు ఎంత వేయాలో అడిగితే మాత్రం మీరు చెప్పండి.