పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు: స్క్విడ్ పిల్లల కోసం సముద్రం మీదికి

ప్రశ్న: మెక్సికోలోని కాలిఫోర్నియా సింధుశాఖలో పరిశోధకులు పడవల మీద వెళ్ళి, ఆక్టోపస్‌కు బంధువైన హంబోల్ట్ స్క్విడ్ అనే సముద్రజీవి పిల్లలను సన్నని వలలతో పడతారని ఒక ఉపన్యాసంలో విన్నాను. అక్కడి జాలర్లు పెద్ద స్క్విడ్‌లను ఎన్నో ఏళ్ళపాటు టన్నుల కొద్దీ ఒడ్డుకు చేర్చారు కదా, వాటిని పరిశీలిస్తే సరిపోదా? కంటికి సరిగా ఆనని పిల్లల కోసం ఇంత ప్రయాస దేనికి?
— ఒక పాఠకురాలు, కాకినాడ

సమాధానం: పెద్ద స్క్విడ్‌ను కోసి చూస్తే అది ఏమి తిన్నదో, ఎంత పెరిగిందో, గుడ్లు పెట్టే దశకు వచ్చిందో లేదో తెలుస్తుంది. ఎక్కడ పుట్టిందో మాత్రం అంత తేలికగా తెలియదు. హంబోల్ట్ స్క్విడ్ ఆయుష్షు ఒకటి రెండేళ్ళే. ఆ కొద్ది కాలంలోనే అది మిల్లీమీటరు పొడవున్న పిల్ల నుంచి, మొండెం ఒక్కటే మీటరు దాటి 50 కిలోల వరకు తూగగల జీవిగా ఎదుగుతుంది, వందల కిలోమీటర్లు వలస పోతుంది. అందుచేత అది పట్టుబడిన చోటు పుట్టిన చోటు కానక్కరలేదు. పిల్ల సంగతి వేరు. గుడ్డు నుంచి వెలువడగానే ఈదడం మొదలుపెట్టినా దానికి ప్రవాహాన్ని ఎదిరించే బలం ఉండదు కాబట్టి, కొద్ది రోజుల వయసున్న పిల్ల వలలో పడితే, ఆ రోజుల్లో ప్రవాహం దానిని ఎంత దూరం మోసుకురాగలదో లెక్కగట్టి తల్లి ఏ ప్రాంతంలో గుడ్లు పెట్టిందో అంచనా వేయవచ్చు.

గుడ్లనే నేరుగా వెతకరాదా అని మీకు అనిపించవచ్చు. ఈ జాతి గుడ్లు విడివిడిగా ఉండవు. నీటి మధ్యలో తేలే పెద్ద జెల్లీ ముద్దలో ఇమిడి ఉంటాయి. అలాంటి ముద్ద ఒకటి 2006లో ఆ సింధుశాఖలోనే ఈతగాళ్ళ కంటబడింది. రెండు మూడు మీటర్ల అడ్డుకొలత ఉన్న ఆ ముద్దలో 6 లక్షల నుంచి 20 లక్షల వరకు గుడ్లు ఉండవచ్చునని అంచనా వేశారు. జెల్లీ చాలా పలచన కాబట్టి వల తగిలితే చెదిరిపోతుంది, పైగా అది కనబడటమే మహా అరుదు. కనుక గుడ్లు పెట్టే చోట్లను వెతికేవారికి పిల్లలే ప్రధాన ఆధారం.

ఇందులో జాలర్ల బతుకుతెరువు కూడా ఉంది. 2009–10లో పసిఫిక్ జలాలు వేడెక్కిన ఎల్ నినో తరువాత సాంతా రోసాలియా వంటి రేవుల దగ్గర పెద్ద స్క్విడ్‌లు అలవాటైన చోట్ల కనబడకుండా పోయాయి. దొరికినవి చిన్న వయసులోనే, చిన్న పరిమాణంలోనే గుడ్లు పెట్టే దశకు చేరుకున్నాయి. పంగాలనే చిన్న పడవల్లో రాత్రంతా గాలపు తాళ్ళు లాగి బతికే కుటుంబాలకు ఇది పెద్ద దెబ్బ. స్క్విడ్‌లు గుడ్లు పెట్టడం మానాయా, వేరే చోటికి తరలాయా అన్నది పట్టుబడిన పెద్దవాటి తూకం చూసి తేల్చలేము. పిల్లల సర్వేకు డబ్బు ఖర్చు పెట్టడం దండగ అనేవారితో నేను ఏకీభవించనిది ఇందువల్లనే.

ప్రశ్న: మిల్లీమీటరు పిల్లను సముద్రంలో ఎలా పడతారు? వలలో పడ్డాక దానిని ఎలా గుర్తిస్తారు?
— ఒక డిగ్రీ విద్యార్థి, శ్రీకాకుళం

సమాధానం: ఎక్కువగా వాడేది బోంగో వల. రెండు గుండ్రని చట్రాలను పక్కపక్కన బిగించి, వాటికి గరాటులా సన్నబడే రెండు పొడవాటి సంచులను తగిలిస్తారు. సంచి కంత సుమారు అర మిల్లీమీటరు. చివర ఒక డబ్బా ఉంటుంది. కాలిఫోర్నియా తీరంలో 1949 నుంచి సాగుతున్న కాల్‌కోఫీ అనే సముద్ర జీవుల సర్వేలో ఈ చట్రాల అడ్డుకొలత 71 సెంటీమీటర్లు. వలను సుమారు 200 మీటర్ల లోతుకు దించి, పడవ మెల్లగా సాగుతుండగా ఏటవాలుగా పైకి లాగుతారు. నీటి పైపొర కోసం మాంటా అనే మరో వల ఉంది. అది తెరచిన మూతితో ఉపరితలం వెంబడే సాగుతుంది.

పడవ వేగం గంటకు మూడు నాలుగు కిలోమీటర్లు ఉంటే చాలు. అంతకు మించితే వల మూతి దగ్గర నీరు లోపలికి పోకుండా పక్కలకు తన్నుకుపోతుంది, లోపల పడిన లేత జీవులు నలిగిపోతాయి. గాలిపాటు ఎదురైనప్పుడు ఆ వేగాన్ని నిలకడగా పట్టి ఉంచడం సరంగు నేర్పు మీద ఆధారపడుతుంది. నమూనా బాగుండటంలో ఆయన పాత్ర శాస్త్రవేత్త పాత్రకు తీసిపోదు. వల మూతిలో నీటి ప్రవాహాన్ని కొలిచే చిన్న చక్రపు మీటరు తిరుగుతూ ఉంటుంది. 71 సెంటీమీటర్ల మూతి వైశాల్యం దాదాపు 0.4 చదరపు మీటర్లు కనుక, కిలోమీటరు లాగితే ఒక్కో సంచి గుండా 400 ఘనపు మీటర్ల నీరు వడకట్టబడుతుంది. ఈ లెక్క, పడవ ఉన్న స్థానం, ఆ పొరల ఉష్ణోగ్రత రాసుకోకపోతే డబ్బా నిండా పిల్లలు పడినా ప్రయోజనం లేదు. ఒక్క పిల్లా పడని వలను కూడా ఇంతే శ్రద్ధగా నమోదు చేయాలి; ఎక్కడ లేవో తెలియకుండా ఎక్కడ ఉన్నాయో చెప్పలేము.

వల పైకి వచ్చాక సంచిని బయటి వైపు నుంచి సముద్రపు నీటితో కడిగి, అంటుకున్నదంతా డబ్బాలోకి దించి, తెల్లని పళ్ళెంలో పోస్తారు. చేప గుడ్లు, కోపెపాడ్‌లనే అతి చిన్న రొయ్యలాంటి జీవులు, పారదర్శకమైన సన్నని పురుగులు అన్నీ కలిసి చిక్కగా కదులుతుంటాయి. అందులో ఆవగింజంత జీవి ఒకటి ఒక్క కుదుపుతో వెనక్కి దూకుతుంది. ఒంటి మీది గోధుమ ఎరుపు చుక్కలు విచ్చుకొని మరుక్షణమే ముడుచుకుంటాయి. దానిని వెడల్పు మూతి పిపెట్‌తో నీటితో సహా పీల్చి విడిగా పెట్టాలి. సూక్ష్మదర్శిని కింద చూస్తే, పెద్ద స్క్విడ్‌కు రెండుగా ఉండే పొడవాటి స్పర్శకాలు ఈ పిల్లకు ఒకే తొండంగా అతుక్కుని, కొసన 8 చూషకాలతో కనిపిస్తాయి. మొండెం 5 నుంచి 10 మిల్లీమీటర్లకు పెరిగే సరికి ఆ తొండం రెండుగా చీలుతుంది.

చిక్కు ఇక్కడే వస్తుంది. ఆ నీళ్ళలో ఇదే కుటుంబానికి చెందిన మరో జాతి, స్తెనోట్యూథిస్ ఔలానియెన్సిస్ కూడా ఉంటుంది. రెండింటి పిల్లలకూ తొండం ఉంటుంది, చూపుతో వేరు చేయడం నమ్మదగినది కాదు, డి.ఎన్.ఎ. పరీక్ష కావాలి. నమూనాలను నిల్వ చేయడానికి వాడే ఫార్మలిన్ డి.ఎన్.ఎ.ను పాడు చేస్తుంది, వయసు లెక్కించడానికి పనికొచ్చే తలలోని సున్నపు రాళ్ళను కూడా కరిగించవచ్చు కాబట్టి, పిల్లలను పడవ మీదనే ఆల్కహాల్‌లో వేస్తారు. బతికుండగా పెంచుదామంటే, వాటికి ఏ మేత ఎలా పెట్టాలో తేలక, వెంట తెచ్చుకున్న పచ్చసొన అయిపోయాక అవి కొద్ది రోజుల్లోనే చనిపోతూ వచ్చాయి.

ప్రశ్న: మన తీరంలో ఇలాంటి పని చేయవచ్చా?
— అదే విద్యార్థి

సమాధానం: చేయవచ్చు, అయితే పద్ధతి మారుతుంది. మన జాలర్ల వలల్లో ఎక్కువగా పడే భారతీయ స్క్విడ్ గుడ్లను వేళ్ళలాంటి తొడుగుల్లో ఉంచి అడుగుభాగానికి అతికిస్తుంది, దాని పిల్లలకు తొండం ఉండదు. కనుక తీరానికి దగ్గరగా, అడుగును కూడా గమనిస్తూ వెతకాలి. పైన చెప్పిన స్తెనోట్యూథిస్ మాత్రం అరేబియా సముద్రపు లోతట్టులో సమృద్ధిగా ఉంది, దానికి బోంగో వలే సరైనది. విశాఖపట్నంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం, భారత మత్స్య సర్వేక్షణ సంస్థ స్థావరం, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సముద్ర జీవ వనరుల విభాగం ఉన్నాయి. సొంతంగా పడవ మాట్లాడుకుని బయలుదేరడం కంటే, ఆ విభాగాల్లో ఒకదానిలో ప్లవకాల (నీటిలో ప్రవాహంతో కొట్టుకుపోయే చిన్న జీవుల) నమూనాలను ఏరే పని ముందుగా నేర్చుకోండి. వల లాగడం ఒక పూట పని, ఏరడం వారాల పని. పళ్ళెంలో స్క్విడ్ పిల్లను గుర్తుపట్టగల కన్ను మీకు అక్కడే అబ్బుతుంది.