పాఠకుల ప్రశ్నలు: ఓటు లేనివాళ్ళ అర్జీ

ప్రశ్న: మా అబ్బాయి డల్లాస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. 2015లో కంపెనీ వాళ్ళు ఈబీ2 (పెద్ద చదువులు చదివిన ఉద్యోగుల కోటా) కింద గ్రీన్ కార్డ్‌కు కాగితాలు పెట్టారు. ఇప్పటికీ అతీగతీ లేదు. ఈమధ్య ఏదో సంఘంలో చేరాడు. చట్టం మార్పించడానికని నెలనెలా డబ్బు కడుతున్నాడు, సెలవు పెట్టి వాషింగ్టన్ వెళతానంటున్నాడు. అక్కడి పౌరుడు కానివాడు ఇలా పైరవీలకు దిగితే ఉన్న ఉద్యోగానికే ఎసరు వస్తుందేమోనని మా ఇంట్లో ఒకటే టెన్షన్. ఆ డబ్బు లంచం కిందికి రాదా? దానికన్నా మన ఎంపీ గారితో ఢిల్లీలో చెప్పిస్తే నయం కాదా?
- ఒక పొగాకు రైతు, టంగుటూరు

జవాబు: అన్నా, నేనూ న్యూజెర్సీలో అదే క్యూలో నిలబడి, విసిగి ఒంగోలు వచ్చేసినదాన్నే. మీ టెన్షన్ నాకు తెలుసు.

వేలంలో ధర పడిపోయినప్పుడు మీరంతా ఏం చేస్తారు? ఆకు కాల్చే బ్యారన్ పనులు ఆపుకుని, పదిమంది కలిసి, ఎమ్మెల్యేనో ఎంపీనో వెంటబెట్టుకుని గుంటూరులో పొగాకు బోర్డు ఆఫీసుకు వెళతారు. కారు ఖర్చులకు తలా కొంత వేసుకుంటారు. దాన్ని లంచమని ఎవరూ అనరు కదా! మీవాడు చేస్తున్నదీ అదే. ప్రభుత్వానికి అర్జీ పెట్టుకునే హక్కు అమెరికా రాజ్యాంగం మొదటి సవరణలోనే ఉంది. అర్జీతో వచ్చినవాళ్ళను ఓటుందా లేదా అని గుమ్మంలో ఆపరు.

డబ్బు సంగతికి వస్తే, ఇలాంటి సంఘాలు సాధారణంగా లాభాపేక్ష లేని సంస్థలుగా రిజిస్టరై, ఆ పనికి లాబీయింగ్ కంపెనీలను, అంటే ఫీజు తీసుకుని చట్టసభ సభ్యులకు నచ్చజెప్పేవాళ్ళను పెట్టుకుంటాయి. 1995 నాటి చట్టం ప్రకారం ఆ కంపెనీలు పేరు నమోదు చేసుకుని, ఏ విషయం మీద పనిచేశాయో, ఎంత తీసుకున్నాయో మూడు నెలలకోసారి లెక్క చెప్పాలి. ఆ లెక్క ఎవరైనా చూడవచ్చు. మీవాణ్ణి ఒకసారి చూసుకోమనండి. లెక్క చెప్పని సంఘానికి రూపాయి కూడా ఇవ్వనక్కర్లేదు.

కానీ ఒక గీత మాత్రం దాటకూడదు. గ్రీన్ కార్డ్ లేని విదేశీయులు అక్కడి ఎన్నికల్లో అభ్యర్థికి గానీ పార్టీకి గానీ చందా ఇవ్వకూడదు. నిధుల కోసం పెట్టే విందుకు టికెట్ కొన్నా చందా ఇచ్చినట్టే. మనవాళ్ళు అక్కడి చట్టసభ సభ్యుడితో ఫొటో మోజులో పడేది ఇక్కడే. ఇంకొకటి, హెచ్‌1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాడు సంఘంలో జీతం తీసుకుని పనిచేయకూడదు.

మన ఎంపీ గారి సంగతి. ఢిల్లీవాళ్ళు వాషింగ్టన్‌తో మాట్లాడతారు, కాదనను. కానీ చిక్కంతా అమెరికా చట్టంలో ఉంది. ఉద్యోగాల కోటాలో ఏడాదికి దాదాపు 1,40,000 గ్రీన్ కార్డ్‌లు అని 1990 చట్టం పెట్టిన లెక్క. భార్య, పిల్లలూ అందులోనే. ఏ దేశానికైనా 7 శాతమే, అంటే సుమారు 9,800. చిన్న దేశానికీ అంతే, మనకూ అంతే. ఎవరూ వాడుకోక మిగిలితే కొన్ని అదనంగా రావచ్చు. 2025 చివర్లో కూడా ఈబీ2లో మనవాళ్ళకు 2013 నాటి తేదీలే నడిచాయి, అంటే అప్పుడు కాగితాలు పెట్టినవాళ్ళ వంతే వచ్చింది. ఈ లెక్కను మార్చగలిగింది అక్కడి పార్లమెంటు లాంటి కాంగ్రెస్ ఒక్కటే. అక్కడి సభ్యుడు తన నియోజకవర్గంలో ఉండేవాళ్ళ మాట వింటాడు. డల్లాస్‌లో ఇల్లు, పన్ను, పిల్లల బడి ఉన్నది మీవాడికి. మన ఎంపీకి కాదు.

అక్కడికి వెళ్ళినా కలిసేది సభ్యుణ్ణి కాదు, చాలాసార్లు పాతికేళ్ళ సహాయకుణ్ణి. వాళ్ళు మొదట అడిగేది మీ జిప్ కోడ్, అంటే అక్కడి పిన్ కోడ్. నేను దిగువసభ సభ్యుల ఆఫీసులుండే లాంగ్‌వర్త్ భవనంలో ఒక ఆఫీసుకు వెళితే, అక్కడి అమ్మాయికి ఈ 7 శాతం సంగతే తెలియదు. కాగితం మీద గీసి చెబితే తలూపింది. మా నాన్నకు ఒంట్లో బాగాలేనప్పుడు, ఒంగోలు వస్తే తిరిగి వెళ్ళడానికి కావలసిన వీసా స్టాంపింగ్‌కు అపాయింట్‌మెంట్ దొరుకుతుందో లేదో తెలియక ఆగిపోయానని చెబితే మాత్రం పెన్ను తీసి రాసుకుంది.

ఫలితం ఉంటుందా అంటే, చిన్నవి వచ్చాయి. పెద్దది రాలేదు. 2007 జులైలో క్యూలో ఉన్నవాళ్ళందరూ గ్రీన్ కార్డ్‌కు చివరి దరఖాస్తు వేసుకోవచ్చని చెప్పిన ప్రభుత్వం 2వ తేదీన మాట తప్పింది. మనవాళ్ళు నిరసనగా ఇమిగ్రేషన్ డైరెక్టర్‌కు పూలగుత్తులు పంపారు. ఆయన వాటిని గాయపడ్డ సైనికుల ఆసుపత్రికి పంపించేశారు. శాన్‌హోసేలో ఊరేగింపు జరిగింది, కోర్టులో కేసు పడింది, జో లాఫ్‌గ్రెన్ లాంటి సభ్యులు గట్టిగా నిలదీశారు. 17వ తేదీకల్లా ప్రభుత్వం దిగివచ్చింది. 2015లో హెచ్‌1బీ వాళ్ళ కుటుంబాలకిచ్చే హెచ్4 వీసా మీద ఉన్న కొందరు భార్యలకు, భర్తలకు పనిచేసే అనుమతి వచ్చింది. అసలైన 7 శాతం పరిమితిని ఎత్తేసే బిల్లు 2011లో దిగువసభలో 389-15తో, 2019లో 365-65తో నెగ్గింది. 2020 డిసెంబర్‌లో ఎగువసభ సెనేట్ కూడా తన రూపంలో ఒప్పుకుంది. ఆ రెండు రూపాలనూ ఒకటి చేసేలోపు ఆ కాంగ్రెస్ గడువే తీరిపోయింది. గడువు తీరితే బిల్లు మళ్ళీ మొదటికే. 2022 డిసెంబర్‌లో ఓటింగ్‌కు వస్తుందన్న మరో బిల్లును ఓటు పడకుండానే పక్కన పెట్టేశారు.

ఎదుటివాళ్ళ మాటా కొట్టిపారేయలేం. పరిమితి ఒక్కటి తీసేస్తే కొన్నేళ్ళపాటు కార్డ్‌లలో ఎక్కువ భాగం మనకే వస్తుంది. మిగతా దేశాల నర్సులు, ఇంజినీర్లు ఆగాలి. అందుకే భార్యాపిల్లల్ని ఆ 1,40,000 లెక్కలోంచి తీసేయమని అడగడమే మేలని నా అభిప్రాయం. అప్పుడు ఒకరిది లాక్కుని ఇంకొకరికి ఇచ్చినట్టుండదు. ఈ సంగతి మీవాడి సంఘంలో చర్చకు పెట్టమనండి. వాషింగ్టన్ మాత్రం నిశ్చింతగా పంపండి.

ప్రశ్న: మా మనవరాలు నాలుగేళ్ళప్పుడు అమెరికా వెళ్ళింది. ఇంకో ఆరు నెలల్లో 21 నిండుతాయి. తల్లిదండ్రుల గ్రీన్ కార్డ్ రాలేదు. పిల్లను వెనక్కి పంపేస్తారా అమ్మా?
- ఒక అమ్మమ్మ, మాగుంట లేఅవుట్, నెల్లూరు

జవాబు: అమ్మా, 21 నిండితే తల్లిదండ్రుల వీసా నీడ పోతుంది. 2002 చట్టం ఒకటి కొంత వయసు తగ్గించి లెక్కిస్తుంది గానీ, మనవాళ్ళ క్యూ పొడుగుకు అది చాలదు. చట్టప్రకారం పెరిగిన ఇలాంటి పిల్లల కోసం 2021లో అమెరికాస్ చిల్డ్రన్ యాక్ట్ అనే బిల్లు పెట్టారు, 2023లో మళ్ళీ పెట్టారు. రెండుసార్లూ గట్టెక్కలేదు. ఆ పిల్లలే సెనేటర్ల దగ్గరికి వెళ్ళి మాట్లాడుతున్నారు. మీ మనవరాలికి ఇష్టమైతే వెళ్ళనివ్వండి, ఆపకండి. అయితే బిల్లును నమ్ముకుని కూర్చోవద్దు. చదువుతున్న పిల్లే అయితే, ఎఫ్1 అనే విద్యార్థి వీసాకు మారే దరఖాస్తు 21 నిండకముందే పడాలి. కాలేజీలో విదేశీ విద్యార్థుల ఆఫీసుకు ఈ వారమే వెళ్ళమనండి. వాళ్ళ నాన్నను ఒక ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడమనండి.