కాంక్రీట్ గోడ మీద చేసిన ఫైర్ స్టాపింగ్ టెస్ట్ ఏఏసీ బ్లాక్ గోడకు, ప్లాస్టిక్ పైపుకు చెల్లుతుందా?

మీరు అడిగింది మహబూబ్‌నగర్‌లో కడుతున్న ఆసుపత్రి గురించి. షాఫ్ట్ (పైపులు పైకీ కిందికీ పోయే గూడు) గోడ 100 మి.మీ. ఏఏసీ బ్లాక్, అంటే గాలి బుడగలున్న తేలికైన కాంక్రీట్ బ్లాక్. దాంట్లోంచి పోయేది వెంట్ ఉన్న, అంటే గాలికి తెరిచి ఉన్న, 110 మి.మీ. యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) డ్రైనేజీ పైపు. సప్లయర్ చూపించిన ఫైర్ స్టాపింగ్ (పైపు దూరే చోట మంట దాటకుండా మూయడం) టెస్ట్ రిపోర్ట్‌లో ఉన్నదేమో 150 మి.మీ. కాంక్రీట్ గోడ, ఇనుప పైపు. "రెండు గంటల రేటింగ్ ఉంది కదా సార్, సరిపోతుంది" అంటున్నాడు. సరిపోదు. గోడ లెక్కన చూసినా చెల్లదు, పైపు లెక్కన చూసినా చెల్లదు.

నల్లగొండ, జడ్చర్ల వైపు ఆసుపత్రి, ఫార్మా బిల్డింగుల్లో పైపుల పని చూసే ఇంజనీరుని నేను. ఈ మాట చాలా సైట్లలో విన్నాను. ఆ రెండు గంటలు డబ్బాలో ఉన్న సీలెంట్‌వి కావు. గోడ, అందులో కొట్టిన బొక్క, పైపు, దాని చుట్టూ వదిలిన సందు, సీలెంట్ లోతు, అన్నీ కలిపి ఫర్నేస్‌కు (టెస్ట్ కొలిమికి) పెట్టి కాల్చినప్పుడు ఆ మొత్తం ఏర్పాటు నిలబడిన సమయం అది.

అలాగని ప్రతి గోడకూ కొత్తగా టెస్ట్ చేయించక్కర్లేదు. కష్టమైన పరిస్థితిలో నెగ్గిన ఫలితాన్ని తేలికైన చోట వాడుకోవచ్చు, తిరగేసి మాత్రం వాడకూడదు. యూరప్ వాళ్ల టెస్ట్ ప్రమాణం ఈఎన్ 1366-3 చెప్పేది ఇదే. తేలికైన ఏఏసీ గోడలో నెగ్గిన సీల్ అంతే మందం లేదా ఎక్కువ మందం ఉన్న, అంతకన్నా బరువైన ఇటుక గోడకు, కాంక్రీట్ గోడకు వర్తిస్తుంది. కాంక్రీట్‌లో నెగ్గింది ఏఏసీకి వర్తించదు. 150లో నెగ్గింది 100కి రాదు. స్టీలు ఫ్రేమ్ మీద జిప్సం బోర్డు కొట్టిన ప్రామాణిక గోడలో నెగ్గితే, అంతే మందం లేదా ఎక్కువ ఉన్న గట్టి గోడలకూ పనికొస్తుంది. ఎందుకంటే ఆ గోడ లోపల బోలు, బోర్డు వేడికి కుంచించుకుని పగుళ్లిస్తుంది. సీల్‌కు అంతకన్నా కష్టమైన గోడ దొరకడం తక్కువ.

ఇక పైపు. మీ కేసులో అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. ఇనుప పైపు మంటలో కరిగిపోదు, చుట్టూ ఉన్న సందు మూస్తే మంట ఆగుతుంది. యూపీవీసీ 80 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. కాసేపటికి పైపు పోయి, గోడలో 110 మి.మీ. బొక్క మిగులుతుంది. చుట్టూ ఎంత మంచి సీలెంట్ పెట్టినా మధ్యలోంచి మంట దాటుతుంది. అందుకే ప్లాస్టిక్ పైపుకు వేడికి ఉబ్బే పదార్థం ఉన్న కాలర్ వేస్తారు. పైపు మెత్తబడుతుంటే అది ఉబ్బి, పైపును నలిపి, దారి మూసేస్తుంది. ఇనుప పైపు టెస్ట్ ఈ పని గురించి ఒక్క ముక్క కూడా చెప్పదు.

రిపోర్ట్‌లో యూ/యూ, యూ/సీ, సీ/సీ లాంటి గుర్తులు కూడా చూడండి. మొదటి అక్షరం ఫర్నేస్ వైపు పైపు కొసది, రెండోది బయటి కొసది. యూ అంటే తెరిచి ఉంది, సీ అంటే మూసి ఉంది. వెంట్ ఉన్న డ్రైనేజీ పైపు రెండు వైపులా తెరిచినట్టే, కాబట్టి మీకు కావలసింది యూ/యూ. యూ/యూలో నెగ్గితే మిగతా అన్నింటికీ వర్తిస్తుంది, సీ/సీలో నెగ్గితే మీకు పనికిరాదు. పైపు సైజుతో పాటు పైపు గోడ మందం కూడా టెస్ట్ చేసిన పరిధిలో ఉండాలి. ఎస్‌డబ్ల్యూఆర్ (మురుగు, వాననీటి) పైపుల్లో టైప్ ఏ పలచన, టైప్ బి మందం. సైట్‌కు ఏది వచ్చిందో పైపు మీద చదవండి.

ఆసుపత్రి కాబట్టి మెడికల్ గ్యాస్ రాగి పైపులూ ఉంటాయి. రాగి వేడిని ఉక్కు కన్నా చాలా ఎక్కువ లాగుతుంది. కాబట్టి రాగి మీద చేసిన టెస్ట్ ఉక్కుకు చెల్లుతుంది, ఉక్కు మీద చేసింది రాగికి చెల్లదు.

నల్లగొండలో నేను చూసిన ఒక పనిలో రిపోర్ట్ సరిగ్గానే ఉంది. జిప్సం గోడ, అదే పైపు, అదే కాలర్. బిగింపు మాత్రం మార్చేశారు. రిపోర్ట్‌లో గోడ ఇవతలి నుంచి అవతలికి థ్రెడెడ్ రాడ్ ఉంటే, సైట్‌లో బోర్డుకు స్క్రూలు కొట్టారు. బోర్డు కాలిపోతే స్క్రూ దేన్ని పట్టుకుంటుంది? కాలర్ ఊడి కిందపడుతుంది. అన్నీ విప్పించి మళ్లీ వేయించాం. కాంట్రాక్టరుకు కోపం వచ్చింది, కానీ ఐసీయూలో పడుకున్న మనిషి లేచి పరుగెత్తలేడు. మీ ఏఏసీ గోడకు ప్లాస్టిక్ ప్లగ్గులు కొట్టనివ్వకండి, రిపోర్ట్‌లో ఏ యాంకర్ ఉందో అదే వాడించండి. గోడకు కాలర్ రెండు వైపులా, స్లాబ్‌కు కింది వైపు వేయడం మామూలు. గోడ టెస్ట్‌ను స్లాబ్‌కు వాడకూడదు.

సప్లయర్ యూఎల్ (అమెరికా టెస్టింగ్ సంస్థ) లిస్టింగ్ తెస్తే నంబరు చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. డబ్ల్యూ అంటే గోడ, ఎఫ్ అంటే ఫ్లోర్, సీ అంటే రెండూ. తర్వాత జె ఉంటే 8 అంగుళాల లోపు కాంక్రీట్ లేదా ఇటుక గోడ, ఎల్ ఉంటే ఫ్రేమ్ గోడ. 1000 వరుస లోహపు పైపులకు, 2000 వరుస ప్లాస్టిక్ వాటికి. మీకు 1000 వరుస షీట్ ఇస్తే అక్కడే తిప్పి పంపొచ్చు.

100 మి.మీ. ఏఏసీలో మీ పైపు సైజుకు యూ/యూ ఫలితం ఉందా అని తయారీ కంపెనీ టెక్నికల్ విభాగాన్ని మెయిల్‌లో అడగండి. సేల్స్ మనిషి ఫోన్లో చెప్పిన మాట లెక్కలోకి రాదు. ఏఏసీ మీద లేకపోయినా, 100 మి.మీ. లేదా అంతకన్నా పలచని జిప్సం గోడ ఫలితం ఉంటే దాన్ని వాడుకోవచ్చేమో రాతపూర్వకంగా చెప్పమనండి. ఏదీ దొరక్కపోతే, ఉన్న టెస్ట్‌కు సరిపోయేలా గోడ మందం పెంచడం మేలు. గోడలో ఉన్న ముక్క వరకే ఇనుప పైపు పెట్టి అటూ ఇటూ ప్లాస్టిక్ కలుపుదామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, అది ఎవరూ కాల్చి చూడని మూడో ఏర్పాటు అవుతుంది. ఈ జవాబు వచ్చేదాకా మేస్త్రీని ఆ బొక్కల చుట్టూ సిమెంట్ మాల్ నింపనివ్వకండి, ప్లంబర్‌ను ఫోమ్ కొట్టనివ్వకండి.