శబ్దం ఉంది, తల లేదు: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: పల్లెల్లో మాండలిక మాటలు రికార్డు చేశాం. మైకు బోర్డు నుంచి దాదాపు రెండు వందల ముడి పీసీఎం ఫైళ్లు (శబ్దం కొలతలు తప్ప వివరాలేవీ లేనివి) వచ్చాయి. 16000 హెర్ట్జ్, 16 బిట్లు, మోనో. ఏ ప్లేయరూ వాటిని తెరవడం లేదు. పేరు చివర 'వేవ్' ఎక్స్‌టెన్షన్ పెట్టి చూసినా అంతే. స్క్రిప్టుతో హెడర్ తగిలించడం ఎలా?
– ఒక పరిశోధక విద్యార్థిని, వరంగల్

జవాబు: పేరు మార్చినంత మాత్రాన లోపలి బైట్లు మారవు. మీ ఫైల్లో శాంపిళ్లు, అంటే క్షణక్షణానికీ తీసిన శబ్దం కొలతలు, తప్ప మరేమీ లేవు. సెకనుకు ఎన్ని శాంపిళ్లో, ఒక్కొక్కటి ఎన్ని బిట్లో ప్లేయరుకు చెప్పే నాథుడు లేడు. ఆ పని చేసేది ముందుండే 44 బైట్ల హెడర్.

పైథాన్ ఉంటే బైట్లు చేత్తో పేర్చనక్కర్లేదు. దాంతోపాటే వచ్చే వేవ్ మాడ్యూల్ తీసుకోండి. కొత్త ఫైలును రాయడానికి తెరిచి ఛానళ్లు 1, శాంపిల్ వెడల్పు 2, ఫ్రేమ్ రేటు 16000 అని చెప్పండి. తర్వాత ముడి ఫైలును బైనరీ మోడ్‌లో చదివి, ఆ బైట్లన్నీ రైట్‌ఫ్రేమ్స్‌కి ఇచ్చేయండి. వెడల్పు బైట్లలో చెప్పాలి, బిట్లలో కాదు. 16 అని ఇస్తే ఎర్రర్ వస్తుంది.

పైథాన్ లేని చోట హెడర్ మీరే కట్టుకోవాలంటే వరుస ఇదీ. మొదటి నాలుగు బైట్లు 82 73 70 70, అంటే 'రిఫ్' అనే రోమన్ అక్షరాలు. తర్వాతి నాలుగింటిలో మొత్తం ఫైలు సైజులోంచి 8 తీసేసిన సంఖ్య. ఆపైన 87 65 86 69 ('వేవ్'), దాని వెనక 102 109 116 32 ('ఎఫ్ఎంటీ', ఒక ఖాళీ). చివర ఉన్న ఆ 32 ఖాళీ అక్షరం, చాలామంది మరిచిపోయేది దాన్నే. ఇక వరుసగా నాలుగు బైట్లలో 16, రెండింటిలో 1 (పీసీఎం అని అర్థం), రెండింటిలో ఛానళ్లు, నాలుగింటిలో శాంపిల్ రేటు, నాలుగింటిలో సెకనుకు బైట్లు (మీకు 32000), రెండింటిలో 2, రెండింటిలో 16. చివరగా 100 97 116 97 ('డేటా'), నాలుగు బైట్లలో శబ్దం పొడవు.

ఒక నిమిషం ఫైలు తీసుకోండి. ముడి శబ్దం 19,20,000 బైట్లు. చివరి గడిలో అదే సంఖ్య, రెండో గడిలో 19,20,036. తయారైన ఫైలు సైజు 19,20,044 రావాలి. ఒక్కటి తేడా వచ్చినా ఎక్కడో లెక్క తప్పినట్టే.

సంఖ్యలన్నీ చిన్న బైటు ముందు వచ్చేలా రాయాలి. 16000 అంటే 128 62 0 0. తిరగేసి రాస్తే శాంపిల్ రేటు 215 కోట్లు దాటుతుంది, ప్లేయరు తెరవనంటుంది. పైథాన్లో సంఖ్యలను బైట్లుగా మార్చే స్ట్రక్ట్ మాడ్యూల్ వాడేవాళ్లు ఫార్మాట్ మొదట్లో < గుర్తు పెడితే ఈ గొడవ ఉండదు.

విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో కాపీ ఆదేశంతో హెడర్‌నీ ముడి ఫైలునీ కలిపేటప్పుడు స్లాష్ బీ తప్పనిసరి. అది లేకపోతే రెండూ మామూలు టెక్స్ట్ అనుకుంటుంది, 26 విలువున్న బైటు కనబడగానే చదవడం ఆపేస్తుంది. శబ్దంలో 26 ఎక్కడైనా తగులుతుంది. అందుకే గంట రికార్డింగు అరసెకను ముక్కగా మిగిలిపోతుంది. పాత పవర్‌షెల్ 5.1లో > గుర్తుతో ఫైల్లోకి మళ్లించడం ఇంకా ప్రమాదం. బైట్లను అక్షరాలనుకుని యూటీఎఫ్-16లోకి మార్చేస్తుంది.

రెండు వందలూ ఒకేసారి మార్చకండి. ఒకటి మార్చి వినండి. మాట రెట్టింపు వేగంతో కీచుమంటే అసలు రేటు 8000. అనుమానముంటే బైట్ల సంఖ్యను రికార్డు చేసిన సెకన్లతో భాగించండి. 32000 రావాలి. 16000 వస్తే రేటు సగమైనా అయి ఉండాలి, లేదా శాంపిళ్లు 8 బిట్లవైనా అయి ఉండాలి.

ప్రశ్న: మాది తిరుగు సమస్య. చిన్న కంట్రోలర్ బోర్డు కోసం వేవ్ ఫైళ్ల హెడర్ తీసేస్తున్నాం. లినక్స్‌లో టెయిల్ ఆదేశానికి (బైట్లు లెక్కించే మైనస్ సీతో) +44 ఇచ్చాం. అన్నీ హోరే. అదే పని పైథాన్‌లో 44 బైట్లు కోసి చేస్తే బాగానే ఉన్నాయి గానీ, కొన్ని ఫైళ్ల మొదట్లో టిక్కుమంటోంది.
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: రెండూ వేర్వేరు తప్పులు. టెయిల్‌లో +44 అంటే 44వ బైటు నుంచి ఇవ్వమని. అంటే పోయినవి 43. ప్రతి శాంపిల్‌లోనూ పై బైటు ఒక శాంపిల్‌ది, కింది బైటు మరొకదానిదీ అయి జతలు చెడిపోయాయి. అందుకే హోరు. +45 ఇవ్వాలి.

టిక్కుమనేవి శబ్దం, వీడియో ఫైళ్లను మార్చే ప్రోగ్రాం ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ తయారుచేసినవై ఉండొచ్చు. అది శబ్దానికి ముందు తన పేరూ వెర్షనూ రాసే 'లిస్ట్' ముక్క పెడుతుంది, హెడర్ తరచూ 78 బైట్లవుతుంది. మీరు 44 కోశాక మిగిలిన 34 బైట్లు 17 శాంపిళ్లుగా మోగుతున్నాయి. 34 సరిసంఖ్య కాబట్టి టిక్కుతో పోయింది. బేసి అయ్యుంటే మళ్లీ హోరే.

44 అనే అంకెను స్క్రిప్టులో పాతేయడమే అసలు లోపం. 12వ స్థానం నుంచి మొదలుపెట్టి నాలుగు బైట్ల పేరు, నాలుగు బైట్ల పొడవు చదవండి. పేరు 'డేటా' కాకపోతే ఆ పొడవంత ముందుకు దూకండి, పొడవు బేసి అయితే ఇంకొక బైటు అదనంగా. 'డేటా' దొరికాక దాని పొడవు మేరకే కాపీ చేయండి, ఎందుకంటే శబ్దం వెనక కూడా ముక్కలుంటాయి. పైపు ద్వారా (ఒక ప్రోగ్రాం నుంచి నేరుగా మరో ప్రోగ్రాంలోకి) వచ్చిన ఫైళ్లలో ఆ పొడవు 4,29,49,67,295 అని ఉండొచ్చు. అప్పుడు ఫైలు చివరిదాకా తీసుకోండి.

ఫలితాన్ని ఎప్పుడూ వేరే పేరుతో రాయండి. అదే ఫైల్లోకి > తో మళ్లిస్తే, ఆదేశం చదవడం మొదలయ్యే లోపే షెల్ దాన్ని ఖాళీ చేస్తుంది. హెడర్ కోయడానికి, బైట్లు కాపీ చేసే డీడీ ఆదేశంలో బ్లాకు సైజు 1 పెట్టేవాళ్లూ ఉన్నారు. పని జరుగుతుంది, ఒక్కో బైటు చొప్పున, టీ తాగి వచ్చేదాకా.

ప్రశ్న: స్క్రిప్టు రాసిన సీఎస్‌వీ ఫైలు నోట్‌ప్యాడ్‌లో తెలుగు చక్కగా చూపిస్తుంది. ఎక్సెల్‌లో పిచ్చిగీతలు. – గుంటూరు

జవాబు: తలపై గీత ఉన్న రోమన్ 'ఏ', పక్కనే డిగ్రీ గుర్తు గానీ ప్లస్-మైనస్ గుర్తు గానీ కనిపిస్తున్నాయా? యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం మూడు బైట్లు. మొదటిది ఎప్పుడూ 224, రెండోది 176 లేదా 177. వాటిని పాత విండోస్ అక్షరాలుగా చదివితే సరిగ్గా ఆ గుర్తులే వస్తాయి.

ఫైలు మొదట 239 187 191 అనే మూడు బైట్లు ఉంటే ఎక్సెల్ దారిలోకి వస్తుంది. పైథాన్‌లో ఎన్‌కోడింగ్ 'యూటీఎఫ్-8-సిగ్' అని ఇస్తే చాలు. పాత ఫైళ్లకు తగిలించేటప్పుడు ముందు మొదటి మూడు బైట్లూ చూడండి. ఉన్నచోటే మళ్లీ పెడితే రెండోది కంటికి కనిపించకుండా మొదటి నిలువు వరుస పేరుకు అంటుకుంటుంది. అప్పుడు స్క్రిప్టు 'పేరు' అనే వరుస లేదంటుంది, మీకేమో ఎదురుగా కనిపిస్తూనే ఉంటుంది. క్యాట్‌తో రెండు ఫైళ్లు కలిపినా ఇదే తంటా, ఈసారి మధ్యలో. షెల్ స్క్రిప్టులకూ జేసన్ ఫైళ్లకూ మాత్రం ఈ మూడు బైట్లు పెట్టకండి.