మీట్‌లెస్ మండే అంటే మన కార్తీకమాసం లాంటిదేనా?

బెంగళూరులో ఉద్యోగాలకొచ్చిన మనవాళ్లకి ఈ డౌటు తరచూ వస్తుంది. కాదండీ, రెండిటి లెక్క వేరు. మనం శనివారమో కార్తీకమాసమో నీచు మానేసేది భక్తితో, పైగా నెల అవగానే చికెన్ షాపు ముందు క్యూ కడతాం. మీట్‌లెస్ మండే, అంటే సోమవారం మాంసం మానేయడం, మొదటి ప్రపంచ యుద్ధం నాటిది: అమెరికా ప్రభుత్వం సైన్యానికి తిండి మిగలాలని వారంలో ఒకరోజు మాంసం మానమని జనాన్ని కోరింది. 2003లో అదే ఆలోచనని ఆరోగ్యం పేరుతో మళ్లీ తెచ్చారు, 2009లో బీటిల్స్ బ్యాండ్ గాయకుడు పాల్ మెక్‌కార్ట్నీ బ్రిటన్‌లో మొదలుపెట్టినప్పుడు పర్యావరణం ముందుకొచ్చింది. మనుషుల వల్ల వెలువడే గ్రీన్‌హౌస్ వాయువుల్లో దాదాపు 14.5 శాతం పశుపోషణ నుంచేనని ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ ఎఫ్‌ఏఓ 2013లో లెక్కగట్టింది, ప్రచారాలన్నీ ఎక్కువగా చూపించేది ఇలాంటి అంకెలే.

జనవరి మొత్తం వీగన్‌గా, అంటే జంతువుల నుంచి వచ్చేదేదీ తినకుండా, ఉండే వీగనువరీ 2014లో బ్రిటన్‌లో మొదలైంది. అది ఇంకాస్త కష్టం, ఎందుకంటే పాలు, పెరుగు, నెయ్యి కూడా ఉండకూడదు. అంటే దర్శినిలో (బెంగళూరు చిన్న టిఫిన్ హోటల్లో) నెయ్యి దోశ, ఫిల్టర్ కాఫీ రెండూ కట్. ప్యాకెట్ మీద పచ్చచుక్క ఉంటే వీగన్ అనుకోకండి, పాల వస్తువులకీ అదే చుక్క. వీగన్‌కి మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వేరే గుర్తు ఇచ్చింది, పచ్చని వీ అక్షరం.

ప్రొటీన్ గురించి టెన్షన్ వద్దు, పప్పు, ఉలవచారు, శనగలు, సోయా ఉన్నాయి. కానీ పాలు కూడా ఎక్కువకాలం మానేస్తే విటమిన్ బీ12 మాత్ర గురించి డాక్టర్‌ని అడగండి.