సినిమా వేసే ముందు

బిడ్డా,

దేవరకొండ బడిలో సినిమాలు చూపిస్తూ పిల్లలకు హక్కుల పాఠం చెప్పబోతున్నావని మీ నాయిన ఫోన్ చేసి చెప్పాడు. సంతోషంతో కళ్లల్లో నీళ్లు తిరిగాయి. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

ప్రొజెక్టర్, స్పీకర్ ముందురోజే చూసుకో. నెట్‌ను నమ్ముకోకుండా సినిమా పెన్‌డ్రైవ్‌లో పెట్టుకో.

నీకు ఎన్నడూ చెప్పనిది ఒకటుంది. మర్రిగూడ వైపు పనిచేసినప్పుడు తాగునీటి హక్కు పాఠానికి, నీళ్లలో ఎక్కువైతే ఎముకలు వంకర పోయేలా చేసే ఫ్లోరైడ్ మీద ఒక సీడీ తెచ్చాను. లీటరు నీళ్లలో 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని బోర్డు మీద రాసి, టీవీ పెట్టాను. వంకర తిరిగిన కాళ్లతో ఒక పాప తెర మీద నడిచి వచ్చింది. క్లాసంతా ఒక్కసారి వెనక్కి తిరిగింది. మూడో వరుసలో అలాంటి కాళ్లతోనే ఒక పిల్ల ఉంది. లంగా కిందికి గుంజుకుని పాదాలు కప్పుకుంది. నేను టీవీ ఆపలేదు. పాఠం పిల్లలకు బాగా ఎక్కుతోందని అనుకున్నాను.

మర్నాటి నుంచి ఆ పిల్ల రాలేదు. ఇంటికి పోతే వాళ్లమ్మ కూర్చోమనలేదు. "మా పిల్ల కాళ్లు అందరికీ చూపిచ్చెటందుకా టీచరమ్మా, బడికి తోలింది?" అంది. నెల రోజులు తిరిగితే వచ్చింది. కానీ టీవీ పెట్టిన ప్రతిసారీ కడుపునొప్పి అని ఇంటికి పోయేది.

మన దేశం 1992లో ఒప్పుకున్న ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో శుభ్రమైన తాగునీరు 24వ అధికరణలో ఉంది, పిల్లల గోప్యత 16లో ఉంది. ఒకటి నేర్పుతూ ఇంకొకటి నా చేత్తోనే కాలరాశాను.

అందుకే గట్టిగా చెబుతున్నాను. ఏ సినిమా అయినా ముందు నువ్వొక్కదానివే చూడు. అమ్మానాన్న బొంబాయి వలస పోయిన పిల్లవాడు, ఇంట్లో పెళ్లి మాటలు నడుస్తున్న తొమ్మిదో తరగతి పిల్ల, వీళ్లందరినీ తలుచుకుంటూ చూడు. వాళ్ల కథే తెర మీదికి వస్తుందంటే ముందే విడిగా మాట్లాడు. వద్దంటే వేయకు. "మీ ఇంట్లో ఇట్లా ఉందా?" అని అందరి ముందు అడగకు, సినిమాలో మనిషి గురించే అడుగు. చూస్తున్న పిల్లల మొహాలు ఫోన్‌లో తీసి గ్రూపుల్లో పెట్టావంటే నేను ఊరుకోను.

చివరి పీరియడ్‌లో పెట్టకు. బెల్లు కొట్టగానే అందరూ బస్సుకు ఉరుకుతారు, నీతో ఏదో చెప్పాలనుకున్న పిల్ల కూడా పోతుంది. అట్లా ఎవరైనా ఆగితే పక్కన కూర్చుని విను. ఆపద అనిపిస్తే వెంటనే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యి.

ఆదివారం పెన్‌డ్రైవ్ తీసుకుని రా తల్లీ. ఇద్దరం కలిసి చూద్దాం. జొన్నరొట్టె, పుంటికూర చేసి పెడతాను.

నీ మేనత్త